ఎవరి చేతికిచ్చావు? నోటిమాట అప్పులు, మధ్య మనుషులు, కోర్టు రుజువులు

(పొదుపు సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లాయరుని కాదు. సమాజశాస్త్రం చదువుకుని, ఆడవాళ్ళు డబ్బు ఎలా కూడబెడతారు, ఎక్కడ దాస్తారు, ఎవరికిస్తారు, ఎలా పోగొట్టుకుంటారు అన్న విషయాల మీద పనిచేస్తున్నదాన్ని. కోర్టుల్లోకి నేను వెళ్ళింది ఆ దారినే. ఇళ్ళలో కూర్చుని విన్న కథలు కొన్ని దావా కాగితాలుగా మారినప్పుడు వాటి వెంట వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. కాబట్టి ఈ రోజు చట్టం గురించి మాట్లాడుతున్నా, ఇంటి గడప దగ్గర నిలబడే మాట్లాడతాను.

నిన్న సాయంత్రం మీలో ఒకరు అడిగారు, "కాగితం లేకుండా ఇచ్చిన డబ్బు కోర్టులో చెల్లుతుందా అక్కా?" అని. చెల్లుతుంది. మాటలు నీటిమూటలని సామెత ఉంది కానీ, మన చట్టం ఆ మాట అనలేదు. అయితే నోటిమాట మీద అప్పిచ్చిన స్త్రీ కోర్టుకి వెళ్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అది అప్పేనని రుజువేమిటి? ఇది మొదటిది. ఎవరి చేతికిచ్చావు? ఇది రెండోది. మొదటి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ, చాలామంది రెండో ప్రశ్న దగ్గర ఓడిపోతున్నారు. ఈ రోజు ఎక్కువసేపు ఆ రెండో ప్రశ్న మీదే మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు ఒక స్త్రీ సంగతి చెబుతాను. ఆమె కేసు ఇంకా అప్పీలులో ఉంది కాబట్టి పేరూ ఊరూ చెప్పను. మిరప పండే ప్రాంతం. భర్త పోయాక కౌలు చేసుకుని బతుకుతోంది. ఏటా తన కాయలు యార్డులో ఒకే కమీషన్ వ్యాపారి కొట్టుకి వేస్తుంది. ఆ వ్యాపారి ఎప్పుడూ ఊళ్ళోకి రాడు. వచ్చేది గుమాస్తా. బస్తాలు లెక్కపెట్టేదీ, తూకం చీటీ రాసిచ్చేదీ, పంట డబ్బు తెచ్చిచ్చేదీ అతనే. 2017 మార్చిలో అతనే వచ్చి, "షావుకారుకి సరుకు కొనడానికి డబ్బు తక్కువపడింది. నీ డబ్బు లక్షన్నర ఉంచమన్నారు, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తారట" అన్నాడు. ఆమె అరుగు మీదే 1,50,000 రూపాయలు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది. పక్కింటామె అక్కడే ఉంది. నోటు రాయించుకోలేదు. "పదేళ్ళుగా వచ్చే మనిషిని నోటు రాయమని ఎట్లా అడుగుతామమ్మా?" అంది నాతో.

ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి, రెండు దఫాలు 18,000 చొప్పున వడ్డీ ఆమె బ్యాంకు ఖాతాలో పడింది. ఆ తర్వాత రాలేదు. ఆమె బస్సెక్కి యార్డుకి వెళ్ళి అడిగితే షావుకారు అన్న మాట ఇది: "ఎవరి చేతికిచ్చావు? వాడినే అడుగు. వాడు మా దగ్గర మానేశాడు."

ఇప్పుడు మొదటి ప్రశ్న చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందానికి కాగితం ఉండి తీరాలన్న నియమం లేదు. వేరే చట్టమేదైనా రాతపూర్వకంగా ఉండాలని చెప్పిన చోట తప్ప నోటిమాట ఒప్పందం ఒప్పందమే. సాక్ష్యం విషయంలోనూ అంతే. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం, 2023 అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ సూత్రాలు మారలేదు. పత్రాల్లో రాసి ఉన్న విషయం తప్ప మిగతా వాస్తవాలన్నిటినీ నోటి సాక్ష్యంతో రుజువు చేయవచ్చని 54వ సెక్షన్ చెబుతుంది. ఆ సాక్ష్యం స్వయంగా చూసినవారిదీ, విన్నవారిదీ అయి ఉండాలని 55వ సెక్షన్ చెబుతుంది. ఇంతమంది సాక్షులుండాలన్న లెక్కేమీ లేదని 139వ సెక్షన్. అంటే ఒక్క ఆడమనిషి మాట నమ్మదగినదిగా ఉంటే దాని మీదే డిక్రీ ఇవ్వవచ్చు. ఆడవాళ్ళ సాక్ష్యం సగం సాక్ష్యమని ఈ చట్టంలో ఎక్కడా లేదు. ఆ మాట మన పంచాయితీల్లో ఉంది, మన మనసుల్లో ఉంది.

మరి చిక్కెక్కడ? డబ్బు చేతులు మారిందని రుజువైతే అప్పు రుజువైనట్టు కాదు. "ఇచ్చింది నిజమే, కానీ పాత బాకీ తీర్చింది" అనవచ్చు. "చీటీ డబ్బు కట్టింది" అనవచ్చు. తీసుకున్నది అన్నో మరిదో అయితే "ప్రేమతో ఇచ్చింది" అంటారు. ఆడవాళ్ళు ఇచ్చినదాన్ని అప్పుగా కాక ఆప్యాయతగా చూడడం మన కుటుంబాలకి అలవాటు. ఆ అలవాటు కోర్టులో ప్రతివాది వాదనగా మారుతుంది. అందుకని తిరిగి ఇస్తానన్న మాట ఎప్పుడు, ఎవరి ముందు అన్నారు, వడ్డీ ఎంతన్నారు, అంత డబ్బు మీ దగ్గరికి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఆ తర్వాత అవతలి మనిషి ఎలా ప్రవర్తించాడు అన్నవన్నీ చూపించాలి. సివిల్ కేసులో అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు. ఇద్దరు చెప్పేదాంట్లో ఏది ఎక్కువ నమ్మదగినదో కోర్టు తూచి చూస్తుంది.

ఇక్కడ ఒక అసమానత గమనించండి. ప్రామిసరీ నోటు చేతిలో ఉన్నవాడికి ఈ తంటాలేవీ లేవు. నోటు రాసిచ్చినట్టు రుజువైతే చాలు, డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అతనికి ఆ వెసులుబాటు ఇచ్చింది. ముట్టలేదని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవారిది. మన ఊళ్ళలో నోట్లు రాయించుకునేది ఎవరు, ఖాళీ నోట్ల మీద వేలిముద్రలు వేసేది ఎవరు అన్నది మీకు తెలుసు. అప్పు తీసుకునేటప్పుడు మనం కాగితం ఇస్తున్నాం, అప్పు ఇచ్చేటప్పుడు మాట తీసుకుంటున్నాం. ఊరటనిచ్చే నియమం కూడా ఒకటుంది. వడ్డీ వ్యాపారి ఖాతా పుస్తకంలో మీ పేరు మీద పద్దు ఉన్నంత మాత్రాన, ఆ ఒక్కదాని ఆధారంగా మీ మీద బాకీ మోపడం కుదరదు. పాత చట్టంలో ఇది 34వ సెక్షన్, కొత్తదాంట్లో 28.

ఇంకొక ప్రమాదం కాలదోషం. మామూలు చేబదులుకి గడువు మూడేళ్ళు. అడిగినప్పుడు ఇవ్వాలన్న షరతు మీద ఇచ్చినా, ఆ మూడేళ్ళూ ఇచ్చిన రోజు నుంచే లెక్క, మీరు మొదటిసారి గట్టిగా అడిగిన రోజు నుంచి కాదు. మొహమాటపడి ఊరుకున్న ఏళ్ళన్నీ అవతలివాడి ఖాతాలో జమ అవుతాయి. మధ్యలో కొంత కట్టినా, బాకీ ఉన్నానని ఒప్పుకున్నా గడువు మళ్ళీ మొదలవుతుంది. కానీ కట్టిన సంగతి కట్టినవారి చేతిరాతలోనో సంతకంతోనో ఉండాలి. ఒప్పుకోలు రాతపూర్వకంగా, సంతకంతో, గడువు లోపలే జరగాలి. ఏజెంటు రాసిచ్చినా చెల్లుతుంది, అయితే అతనికి ఆ అధికారం ఉందని మళ్ళీ మనమే చూపించాలి. మన మిరప రైతు మా దగ్గరికి వచ్చేసరికి రెండేళ్ళ పది నెలలు గడిచాయి. 2020 జనవరిలో దావా పడింది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చెప్పడానికి కథే ఉండేది కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎవరి చేతికిచ్చావు? యజమాని తరఫున ఒకరు డబ్బు తీసుకున్నప్పుడు, తీసుకునే అధికారం ఆ మనిషికి ఉందని చూపించాల్సింది ఇచ్చినవారే. కాంట్రాక్టు చట్టం 186, 187 సెక్షన్ల ప్రకారం ఆ అధికారం రాతతోనే రానక్కరలేదు. నోటిమాటతో రావచ్చు, నడిచిన తీరుని బట్టి కూడా గ్రహించవచ్చు. దీనికి చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకతను కలకత్తాలో ఉంటాడు, శ్రీరాంపూర్‌లో అతనికో దుకాణం ఉంది. అప్పుడప్పుడూ మాత్రం వెళ్ళి వస్తుంటాడు. దుకాణం నడిపేది ఇంకొకతను. యజమాని పేరు మీద సరుకు తెప్పిస్తాడు, యజమానికి తెలిసే, అతని డబ్బుతోనే చెల్లిస్తాడు. కాబట్టి అలా తెప్పించే అధికారం అతనికి ఉన్నట్టే లెక్క. శ్రీరాంపూర్ దుకాణానికీ మన మిరప కొట్టుకీ తేడా ఏముంది?

ఒక తేడా ఉంది. సరుకు కొనే అధికారం ఉన్నవాడికి అప్పు చేసే అధికారం కూడా ఉన్నట్టు కాదు. వ్యాపారి లాయరు పట్టుకున్నది దీన్నే. "మా గుమాస్తా కాయలు తూచడానికి వచ్చాడు, అప్పులు చేయడానికి కాదు" అన్నాడు. "మరి షావుకారే పంపాడని అతను చెప్పాడు కదా" అంది ఆమె. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మీ అరుగు మీద కూర్చుని ఏజెంటు తన గురించి తాను చెప్పుకున్న మాటతోనే అతని అధికారం రుజువు కాదు. అతను బోనెక్కి ప్రమాణం చేసి "నన్ను షావుకారే పంపాడు" అని చెబితే అది సాక్ష్యం. లేదంటే యజమాని ఏమన్నాడు, ఏం చేశాడు, ఏం తెలిసి ఊరుకున్నాడు అన్నదే ముఖ్యం. మనవాళ్ళు ఏజెంటు మాటల్ని పూసగుచ్చినట్టు చెబుతారు. యజమాని చేసిన పనులని గుర్తుకు తెచ్చుకోరు.

ఈ కేసులో ఆమెని నిలబెట్టింది ఆ రెండు వడ్డీలే. అవి గుమాస్తా జేబులోంచి రాలేదు, కొట్టు బ్యాంకు ఖాతాలోంచి వచ్చాయి. "అవి కాయల తాలూకు బాకీ" అన్నాడు వ్యాపారి. ఆమె రేకు పెట్టెలో దాచుకున్న తూకం చీటీలు తీస్తే, ఆ ఏడు సరుకంతా మార్చిలోనే తూగి లెక్క తీరిపోయిందని తేలింది. పైగా లక్షన్నరకి నూటికి రెండు రూపాయల చొప్పున ఆరు నెలల వడ్డీ సరిగ్గా 18,000. అధికారం లేకుండా ఒకరు చేసిన పనిని యజమాని తర్వాత తన ప్రవర్తనతో ఒప్పుకోవచ్చని 197వ సెక్షన్ చెబుతుంది. అక్కడున్న ఉదాహరణ కూడా అప్పుదే: ఒకరి డబ్బుని ఇంకొకరు అనుమతి లేకుండా అప్పిస్తే, డబ్బు సొంతదారు తర్వాత వడ్డీ తీసుకుంటే, ఆ అప్పుని ఒప్పుకున్నట్టే. వడ్డీ తీసుకోవడం ఒప్పుకోలు అయినప్పుడు వడ్డీ కట్టడం ఎందుకు కాదన్నది మా లాయరు వాదన. గుమాస్తాని కూడా రెండో ప్రతివాదిగా చేర్చారు. లేని అధికారం ఉందని చెప్పినవాడు నష్టపరిహారం కట్టాలని 235వ సెక్షన్ ఉంది. 2023లో వ్యాపారి మీద డిక్రీ వచ్చింది. దావా తర్వాతి కాలానికి కోర్టు ఇచ్చింది ఏడాదికి నూటికి 6 రూపాయల వడ్డీయే.

ఈ కేసు నడుస్తుండగా నేను రెండు పాత తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండిట్లోనూ నష్టపోయింది స్త్రీలే. మొదటిది 1912లో ఇంగ్లండులో ప్రభువుల సభ ఇచ్చిన లాయిడ్ కేసు తీర్పు, మన కోర్టులు కూడా ఉదహరిస్తాయి. ఒక వితంతువు తన రెండు చిన్న ఇళ్ళు, తనఖా మీద ఇచ్చిన కొంత డబ్బు విషయం మాట్లాడడానికి ఒక న్యాయవాదుల సంస్థ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి పనులు చూసే గుమాస్తా మాయమాటలు చెప్పి సంతకాలు పెట్టించుకుని ఆస్తిని కాజేశాడు. సంస్థకి ఒక్క పైసా లాభం లేదు, అయినా సంస్థే బాధ్యత వహించాలన్నారు.

రెండోది 1978లో మన సుప్రీంకోర్టు స్టేట్ బ్యాంకు, శ్యామాదేవి కేసులో ఇచ్చిన తీర్పు. ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారకముందే ఆమెకి అలహాబాదులో అందులో సేవింగ్స్ ఖాతా ఉండేది. ఆ బ్యాంకు ఉద్యోగి ఒకతను వాళ్ళకి పొరుగువాడు, స్నేహితుడు. ఖాతాలో జమ చేయమని డబ్బూ చెక్కూ అతని చేతికిచ్చారు. రసీదు అడగలేదు. అతను కాజేశాడు. హైకోర్టు ఆమె పక్షాన నిలిచింది, సుప్రీంకోర్టు తిప్పేసింది. అతను ఆ డబ్బు తీసుకున్నది బ్యాంకు ఉద్యోగిగా కాదు, వాళ్ళ స్నేహితుడిగా, వాళ్ళ ఏజెంటుగా అంది. అంటే ఇచ్చినవారే అతన్ని నియమించుకున్నారని అర్థం.

ఇద్దరు స్త్రీలు, ఇద్దరు నమ్మించి మోసం చేసిన ఉద్యోగులు. తేడా ఎక్కడుంది? ఒకామె కార్యాలయం లోపల, ఆ పని కోసమే కూర్చోబెట్టిన మనిషికి అప్పగించింది. ఇంకొకరు కౌంటరు బయట, పరిచయం మీద ఇచ్చారు. ప్రతి ఉద్యోగి ఇరుగుపొరుగుతో చేసే ప్రతి లావాదేవీకీ సంస్థ పూచీ పడలేదన్న మాటలో న్యాయం ఉంది, నేను కాదనను. కానీ ఒక స్త్రీవాదిగా నేను అడగాల్సింది ఇంకొకటుంది. కౌంటరు దాకా ఎవరు వెళ్ళగలరు? గడప దగ్గరే డబ్బు వ్యవహారం నడిపేది ఎవరు? పొలం పనీ ఇంటి చాకిరీ వదిలి ఆడవాళ్ళు పట్నం రాలేరు కాబట్టే వ్యాపారులు, చీటీల కంపెనీలు, అప్పుల కంపెనీలు మన గడపల్లోకి మనుషుల్ని పంపుతున్నాయి. లాభం వచ్చినన్నాళ్ళూ గడప వాళ్ళ వ్యాపార స్థలం. నష్టం వచ్చిన రోజున అది మన సొంత ఇల్లు, వచ్చినవాడు మన స్నేహితుడు.

కాబట్టి మనం రుజువు చేయాల్సింది ఇదే: ఆ అరుగే ఆ వ్యాపారి కౌంటరు. అతను ఏళ్ళ తరబడి ఈ పని మీద తన మనిషిని ఇక్కడికే పంపాడు, తన డబ్బు ఇతని ద్వారానే పంపించాడు, ఇతని చేత చీటీలు రాయించాడు. యజమాని తన మాటల వల్లో ప్రవర్తన వల్లో ఎదుటివారిలో ఆ నమ్మకం కలిగించినప్పుడు, అధికారం నిజంగా ఇవ్వకపోయినా అతను కట్టుబడాలని 237వ సెక్షన్ చెబుతుంది. ఒక్క ఇంటివారు చెబితే స్నేహం అంటారు. వీధిలో పదిమంది చెబితే అది వ్యాపార పద్ధతి. ఇక్కడే సంఘం అవసరం. మా కేసులో అదే కొట్టుకి కాయలు వేసే మరో ఇద్దరు స్త్రీలు వచ్చి, తమ దగ్గరా ఇలాగే తీసుకుని కొట్టు నుంచి తిరిగి ఇచ్చారని చెప్పారు.

మైక్రోఫైనాన్స్ గ్రూపులవాళ్ళు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు, మీకూ ఇదే ప్రశ్న ఉంది. వాయిదా డబ్బు గ్రూపు లీడరు చేతికిచ్చారు, ఆమె కట్టలేదు. ఆమె కంపెనీ ఏజెంటా, మీ ఏజెంటా? 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆర్డినెన్సు, 2011 చట్టం, వాయిదాలు గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో వసూలు చేయాలన్నాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఆర్థిక సంస్థలకి ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కానీ రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. ప్రతి సభ్యురాలికీ లోను కార్డు ఇవ్వాలి, కట్టిన ప్రతి వాయిదాకీ అందులో సంస్థ రసీదు ఉండాలి. ఆ కార్డు మీ దగ్గరే ఉండాలి, లీడరు సంచిలో కాదు.

చివరగా బోను. 2004లో సుప్రీంకోర్టు జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఆస్తిలో మా సొంత డబ్బు ఉందన్న భార్యలు బోనెక్కలేదు, వాళ్ళ ముఖ్తారునామాతో ఒకామె భర్త వచ్చి చెప్పాడు. ఆమెకి మాత్రమే తెలిసిన విషయాన్ని ఆమె బదులు ముఖ్తారు చెప్పడానికి వీల్లేదంది కోర్టు. మగవాళ్ళు కోర్టుకి వెళ్ళివస్తారు, మనం ఇంట్లో ఉందాం అనుకునేవాళ్ళు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది మీరైతే, చెప్పాల్సింది మీరే.

ఇక ఊళ్ళకి వెళ్ళాక చెప్పాల్సినవి.

1. ఇచ్చిన రోజే తేదీ, మొత్తం, ఎందుకు అడిగారు, ఎవరున్నారు అన్నవి ఒక పుస్తకంలో రాసుకోండి. అదొక్కటే రుజువు కాదు, కానీ మూడేళ్ళ తర్వాత జ్ఞాపకానికి ఊతం.

2. మధ్య మనిషి వస్తే, డబ్బు ఇచ్చేముందు యజమానితో ఫోనులో మాట్లాడి, పక్కన ఒకర్ని ఉంచుకోండి. వీలైతే డబ్బు యజమాని ఖాతాకే పంపండి.

3. ఫోనులో వచ్చిన సందేశాలు చెరిపేయకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం కావాలి, లాయరుకి ముందే చెప్పండి.

4. దావాలోనే ఏజెంటు సంగతి వివరంగా రాయించండి. దావాలో లేనిదాన్ని తర్వాత సాక్ష్యంలో చెబితే కోర్టు పట్టించుకోదు.

5. మూడేళ్ళ గడువు క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

6. లాయరు ఫీజుకి భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆమె బోనెక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. అవతలి లాయరు గంటన్నర అడ్డు ప్రశ్నలు వేశాడు. "చదువు లేదు కదా, అంత డబ్బు ఎట్లా లెక్కపెట్టావు?" అన్నాడు. ఆమె, "వంద నోట్లకో కట్ట, మూడు కట్టలు, అన్నీ ఐదు వందల నోట్లు. పదేళ్ళుగా మీ షావుకారిచ్చిన డబ్బు లెక్కపెట్టుకున్న చేతులే ఇవి" అంది. జడ్జి గారు రాసుకున్నారు.

మీరూ మీ ఊళ్ళో అడిగి చూడండి, ఎంతమంది డబ్బు ఎవరెవరి చేతుల్లో ఉందో. అడిగి, రాసి పెట్టండి. సెలవు.